అట్ట మీద నాలుగు చిల్లులు

మార్చి 3, సోమవారం

కుర్చీ నాదే. గస్ మొహం చూడాల్సింది. తడిసిన అట్టలా మధ్యకి వంగిపోయింది.

ఇరవై రెండేళ్ళుగా మా అట్టపెట్టెల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఏటా బోర్డు కడతారు. ఎనిమిదడుగుల రెండుపొరల అట్ట. ఆరు విభాగాలు, ఆరు కుర్చీలు. ఒక్కో కుర్చీ ఐదుగురు కాలేజీ రిసీవర్ల పేర్లు వరసగా రాయాలి. ఏప్రిల్ చివర ముప్ఫైరెండు అమెరికన్ ఫుట్‌బాల్ జట్లూ కూర్చుని కాలేజీ కుర్రాళ్ళను ఒక్కొక్కరినే ఏరుకునే డ్రాఫ్ట్‌లో ఎవడు ముందు పోతాడు, ఎవడు వెనక పోతాడు అన్నది పందెం. ఎవరి వరస నిజానికి దగ్గరగా వస్తే వాళ్ళకి ఏడాది పాటు గేటు పక్కన రేకుల కింద కారు పెట్టుకునే చోటు. చలికాలంలో అద్దం మీద మంచు గీక్కోనక్కర్లేదు. చివర వచ్చినవాళ్ళు వారం రోజులు, తలకీ చేతులకీ కంతలు కోసిన పెట్టె తొడుక్కుని భోజనం చెయ్యాలి.

రిసీవర్లే ఎందుకంటే, మిగతా ఆటగాళ్ళ గురించి మొదలుపెడితే చొక్కాలు చిరుగుతున్నాయని పాతవాళ్ళు మానేశారట. విసిరిన బంతి వెనక పరిగెత్తేవాడి సంగతి తేలిక. పట్టాడా, వదిలాడా. అంతే.

జిగురు విభాగం కుర్చీ ముసలి స్టాన్‌ది. తుంటి మార్పించుకుని రిటైరయ్యాడు. తనకి వేరే విభాగం కుర్చీ ఉన్నది చాలక, మా ఫోర్‌మన్ గస్ ఆ కుర్చీలో మేనల్లుడు బ్రెంట్‌ని కూర్చోబెట్టాలనుకున్నాడు. నేను బెంచీ ఎక్కి అడిగాను: “బ్రెంట్, పోయినేడు కాలేజీల్లో అందరికంటే ఎక్కువ బంతులు వదిలిన రిసీవర్ ఎవడు?” వాడు “ఏ ఆటలో?” అన్నాడు. పని అయిపోయింది.

గస్ ఊరుకోడుగా. “సరే లెక్కల మాస్టారూ, కూర్చో. కానీ ఈ ఏడు నుంచి కొత్త రూలు. చివర వచ్చినవాళ్ళ కుర్చీ ఊడుతుంది” అన్నాడు. అందరూ చేతులెత్తారు. చివర వచ్చేది ఎవరో వాళ్ళకి ముందే తెలిసిపోయినట్టు.

నేను లెక్క తప్పను. ఆ సంగతి ఏప్రిల్‌లో చూస్తారు.

మార్చి 5

ముఖ్యమైన రూలు రాయడం మరిచాను. బోర్డు మీద సిరా పడ్డాక చెరపడం, కొట్టివేయడం కుదరదు. మార్చాలంటే అందరూ అన్నం తింటుండగా, కారణం గట్టిగా చెప్పి, ఆ పేరును కట్టర్‌తో కోసి తీసెయ్యాలి. వెనక నుంచి ముక్క అతికించి కొత్త పేరు రాయాలి. చిల్లు చిల్లులాగే ఉంటుంది. పాత బోర్డులన్నీ స్టోర్‌రూమ్ గోడ మీదే ఉన్నాయి. ఇరవై రెండేళ్ళలో రెండే చిల్లులు. ఆ ఇద్దర్నీ ఇప్పటికీ పేరు పెట్టి పిలవరు, చిల్లు పెట్టి పిలుస్తారు.

మార్చి 8, శనివారం

జవారిస్ టాలివర్. మా ఊరివాడు. పెద్ద యూనివర్సిటీలో ఆడుతున్నాడు. బోర్డు మీద అందరూ వీణ్ణే మొదట రాస్తారు, కళ్ళు మూసుకుని. ఊరి గాడిద పరుగుకి దిగినా వీళ్ళు దాన్నే మొదట రాస్తారు.

వాడి పన్నెండు ఆటలూ చూశాను. రాసుకున్నాను. ఆరడుగుల మూడంగుళాలు. అరచేతులు పారల్లా ఉంటాయి. ఏం లాభం? ఆ చేతులు ముందుకి చాచడు. బంతిని పొట్టకి హత్తుకుని పడతాడు, సంతలో కోడిని పట్టుకున్నట్టు. వదిలినవి పదకొండు. నలభై గజాల పరుగు, జట్లన్నిటి ముందూ గడియారం పెట్టి కొలిచింది, సెకన్లలో నాలుగూ యాభై మూడు. ఆ ఎత్తుకి పర్లేదు. గొప్ప కాదు.

అదే కేడ్ హనీకట్‌ని చూడండి. ఎవరూ చూడరు, అదే నా బాధ. క్రో క్రీక్ కాలేజీ అని ఒకటుందని వాళ్ళ పక్క ఊళ్ళోనే తెలియదు. జనవరిలో పాత టైర్లకని అటు పోయినప్పుడు కంచె మీంచి చూశాను. ఐదడుగుల పదంగుళాలు. బంతిని వేళ్ళతో తీసుకుంటాడు, చెట్టు నుంచి పండు తీసుకున్నట్టు. మలుపు దగ్గర అడుగు కూడా తడబడదు. ఏడాది మొత్తం మీద వదిలింది రెండు.

పదకొండు ఎక్కడ, రెండు ఎక్కడ?

పదకొండో తరగతిలో జరిగినదానికీ దీనికీ సంబంధం లేదు. రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 10

ఒక చిక్కుంది. జవారిస్ వాళ్ళమ్మ మిస్ ఒడెస్సా నా పక్క మెషీన్. నాలుగేళ్ళుగా నా మధ్యాహ్న భోజనంలో సగం ఆవిడ డబ్బాలోదే. చీజు వేసి కాల్చిన మాకరోనీ, ఆకుకూర, శుక్రవారమైతే పీచ్ పండ్ల పై.

ఇవాళ గరిటె ఊపుతూ, “ఏం పిల్లా, మావాణ్ణి ఎన్నోవాడిగా రాస్తున్నావు?” అంది.

“ఇంకా చూస్తున్నాను మిస్ ఒడెస్సా.”

“చూడు చూడు. నువ్వు కళ్ళజోడు పెట్టుకుని చూస్తావు. మిగతావాళ్ళు నోరు పెట్టుకుని చూస్తారు.” ఇంకో గరిటె వడ్డించింది.

ఆవిడ వైపు చూడకుండా తిన్నాను.

మార్చి 15, శనివారం

నాలుగూ ఇరవై తొమ్మిది!!!

ఇవాళ క్రో క్రీక్‌లో చివరి సంవత్సరం కుర్రాళ్ళ పరీక్ష రోజు. జట్ల తరఫున చూడటానికి వచ్చింది ఒకే ఒక్కడు. వాడు కూడా దారి తప్పి వచ్చాడేమో, శాండ్‌విచ్ తిని పరుగులు మొదలవకముందే పోయాడు. గుడ్డివాడు. నేను స్టాప్‌వాచ్‌తో గీత దగ్గర నిలబడ్డాను. కేడ్ మూడు సార్లు పరిగెత్తాడు. 4.31, 4.29, 4.29. నొక్కడంలో తప్పు లేదు.

మైదానానికి సున్నం గీతలు వేసే ముసలాయన వర్జిల్ నా పక్కనే బండి మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు.

“చూశారా పెద్దాయనా? ఇదేం వేగం!”

“మా మైదానంలో అందరూ వేగంగానే పరిగెడతారమ్మా” అన్నాడు. “ఇక్కడికి వస్తే నేనూ పరిగెడతాను.”

పాపం, తన మైదానమంటే ఎంత గర్వమో.

కేడ్ దగ్గరికి వెళ్ళి నీ పరుగు ఎంతో తెలుసా అని అరిచాను. “అవునా మేడమ్, మంచిది” అన్నాడు. నాకంటే ఒక్క ఏడాది చిన్న. మేడమ్ ఏమిటి?

మార్చి 18, మంగళవారం

సిరా పడింది.

ఒకటి, కేడ్ హనీకట్. రెండు, పొడుగు టెక్సాస్ వాడు. మూడు, బక్క ఫ్లోరిడా వాడు. నాలుగు, ముక్కు అయోవా వాడు. ఐదు, జవారిస్ టాలివర్.

(పేర్లు బోర్డు మీద పూర్తిగానే రాశాను. నా డైరీలో నా ఇష్టం.)

పెన్ను మూత పెట్టి పక్కకి జరిగాను. తర్వాత మొదలైంది.

“కేడ్ ఎవడే? నీ పెంపుడు కుక్కా?” అని ఒకడు.

“ఊరి పిల్లాణ్ణి ఐదోవాణ్ణి చేశావా? నువ్వు ఈ ఊళ్ళోనే పుట్టావా, లారీలోంచి జారిపడ్డావా?” అని గస్.

“పదకొండు వదిలాడు గస్. వేళ్ళు ఉన్నాయిగా నీకు, లెక్కపెట్టుకో.”

“నాకు పదే ఉన్నాయి.”

“మరి చూడు, నీ చేతులకే పట్టనన్ని వదిలాడు!”

నవ్వారు. గెలిచాననుకున్నాను. అప్పుడు మిస్ ఒడెస్సా బోర్డు దగ్గరికి వచ్చింది. కళ్ళజోడు తీసి, కొంగల్లే మెడ చాచి, కింది నుంచి పైకి చదివింది. “ఐదా” అంది. అంతే. డబ్బా మూత నొక్కి, తీసుకెళ్ళి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది.

హెర్బ్ కూడా జవారిస్‌ని మూడోవాడే అని రాశాడు, వాణ్ణెవరూ ఏమీ అనలేదు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే హెర్బ్ పేర్లన్నీ వాళ్ళావిడ ఎంచుతుందని అందరికీ తెలుసు. ఆవిడ ఆటగాళ్ళ జుట్టు చూసి ఎంచుతుంది.

మార్చి 19

చిప్స్.

మార్చి 20

చిప్స్.

మార్చి 21, శుక్రవారం

చిప్స్. ఉప్పూ వెనిగరూ వేసినవి. కిటికీ పక్క బల్ల మీద పీచ్ పై. వాసన ఇటే వచ్చింది. కావాలనే గాలివాటం చూసుకుని కూర్చుంది.

నిజం చెప్పినవాళ్ళకి ఇదే గతి. నాకేం బాధ లేదు.

మార్చి 24

పదకొండో తరగతి సంగతి ఎవరైనా తవ్వుతారేమో, అందుకని నా వైపు మాట రాసుకుంటున్నాను.

స్కూలు జట్టుకి లెక్కలు రాసేదాన్ని నేనే. అట్ట పలక, పెన్సిలు, ప్రతి ఆటా. ఆ ఏడు చివరి ఆట, చివరి బంతి, జవారిస్ చేతుల్లోకి వచ్చింది, పడిపోయింది, ఓడిపోయాం. “వదిలాడు” గడిలో ఒక గీత గీశాను. వాడు పరిగెత్తుకుంటూ వచ్చి, “కెండ్రా, అది ముందు అవతలి జట్టువాడి చేతికి తగిలింది. గీత చెరిపెయ్” అన్నాడు. నేను చూశానన్నాను. కోచ్ కూడా చెరపమన్నాడు, పెద్ద యూనివర్సిటీ వాళ్ళు ఆ కాగితాలు చూస్తారని. చెరపనన్నాను. పలక లాక్కున్నారు. అంతటితో లెక్కలు రాసే పని పోయింది, జట్టు బస్సులో నా సీటు పోయింది.

కాగితం మాత్రం చించుకుని తెచ్చుకున్నాను. ఇప్పటికీ సొరుగులో ఉంది. అప్పుడప్పుడూ చూసుకుంటాను, అంతే.

దానికీ దీనికీ సంబంధం లేదు.

మార్చి 29, శనివారం

ముప్ఫైరెండు జట్లకీ ఉత్తరాలు రాశాను. కేడ్ వేగం, వదిలినవి, మలుపులు, అన్నీ. చివర “మీ మనిషి శాండ్‌విచ్ తిని వెళ్ళిపోయాడు, సిగ్గుచేటు” అని ముప్ఫైరెండు సార్లు రాశాను. ఒక జట్టు మనిషినే అనాల్సింది, ఏ జట్టో తెలియక అందరినీ అనేశాను.

ఏప్రిల్ 7

ఒక జట్టు నుంచి జవాబు! కవరు మెట్ల మీదే చించాను. లోపల ఒక స్టిక్కరు, “మీ అభిమానానికి కృతజ్ఞతలు” అన్న అచ్చు కాగితం. ఉత్తరంలో సిగ్గుచేటని తిట్టాను. నిజంగానే చదవలేదన్నమాట.

చిప్స్.

ఏప్రిల్ 10

ఏదో తేడాగా ఉంది.

కేడ్ ఆటల వీడియోలు మళ్ళీ చూస్తూ అంగలు లెక్కపెట్టాను. సొంత మైదానంలో నలభై గజాలకి పద్దెనిమిది అంగలు. వేరే ఊళ్ళలో ఆడినప్పుడు పంతొమ్మిది. ప్రతిసారీ. మనిషి అదే, కాళ్ళు అవే.

ఇంట్లో ఉత్సాహం ఎక్కువై అంగలు పెద్దవి పడతాయేమో. అంతే అయి ఉంటుంది.

ఏప్రిల్ 11

అంతే అయి ఉంటుంది.

ఏప్రిల్ 12, శనివారం

పని టేపు నడుముకే ఉంది. ఉక్కు టేపు. దానితో రోజుకి నాలుగొందల పెట్టెలు కొలుస్తాను. క్రో క్రీక్ పోయాను. ఒక గీత దగ్గర మేకు గుచ్చి మొదలుపెట్టాను. నలభై గజాలంటే నూట ఇరవై అడుగులు ఉండాలి.

నూట పన్నెండు.

మళ్ళీ కొలిచాను. నూట పన్నెండు. మోకాళ్ళ మీద పాకుతూ మూడోసారి కొలుస్తుంటే వర్జిల్ బండి తోసుకుంటూ వచ్చాడు.

“ఏం పోగొట్టుకున్నావమ్మా?”

“ఎనిమిది అడుగులు!”

“ఓ, అవా. వాగు తినేసింది. చాలా ఏళ్ళ కిందటి వరదలో అటు గట్టు కొట్టుకుపోయింది. ఇటు చూస్తే కార్లు పెట్టే చోటు, జరిపితే ప్రిన్సిపాల్ ఊరుకోడు. కోచ్ వచ్చి, గీతలు మాత్రం లెక్కకి తగ్గకూడదు వర్జిల్ అన్నాడు. సర్దాను. ప్రతి గజంలోంచీ కాస్త కాస్త.”

“గజాల్ని సర్దుతారా ఎవరైనా?”

“బస్సులో జనాన్ని సర్దరూ? అట్లాగే. మాకున్నది ఈ ఒక్క మైదానమేగా, ఇక్కడ అందరికీ తెలుసు. నీకూ చెప్పాను కదమ్మా, ఇక్కడ అందరూ వేగంగానే పరిగెడతారని.”

చెప్పాడు. నిజమే. చెప్పాడు.

కేడ్‌ని పట్టుకున్నాను. షెడ్డులో బూట్లు కడుక్కుంటున్నాడు.

“నీకు తెలుసా?”

“తెలుసు మేడమ్.”

“మరి చెప్పలేదేం?”

“మీరు గెంతుతున్నారు. అంత సంతోషంగా ఉన్నవాళ్ళతో ఎలా చెప్పను?” అని, బూటు దులిపి, “ఏమీ అనుకోకండి. నాకు మే నెల నుంచి మామయ్య డెయిరీలో పని. నూట నలభై ఆవులు. డ్రాఫ్ట్‌లో ఎవరైనా పిలిచినా నేను పోను” అన్నాడు.

ఆ ఎనిమిది అడుగులు కలిపి లెక్క కట్టాను. నాలుగూ యాభై నాలుగు.

జవారిస్ నాలుగూ యాభై మూడు.

ఏప్రిల్ 13

ఎవరికీ తెలియదు. వర్జిల్‌కి, కేడ్‌కి, నాకు. ఊరుకుంటే చివర వస్తాను, కుర్చీ ఊడుతుంది, పెట్టె తొడుక్కుంటాను. అయినా “పాపం, కుర్రాణ్ణి జట్లు చూడలేదు” అని చెప్పుకోవచ్చు. తప్పు జట్లది అవుతుంది.

కోస్తే చిల్లు. కారణం గట్టిగా చెప్పాలి. గజాలు కొలవకుండా పరుగు కొలిచానని, గస్ ముందు.

ఏప్రిల్ 14

ఊరుకుంటాను.

ఏప్రిల్ 15

ఊరుకుంటాను. కేడ్ చెయ్యి అయితే మంచిదే కదా, ఆవుల పాలు పితకడానికి పనికొస్తుంది.

ఏప్రిల్ 16, బుధవారం

ఇవాళ పెట్టెలు జిగురు పడకుండా వెళ్ళిపోతున్నా చూసుకోలేదు. మిస్ ఒడెస్సా చెయ్యి చాచి నా మెషీన్ ఆపింది. నెల రోజుల్లో మొదటిసారి నా వైపు చూసింది.

“జ్వరమా?”

“కాదు. మిస్ ఒడెస్సా, ఒకటి అడగనా? పదకొండో తరగతి చివరి ఆట. జవారిస్ చేతికి...”

“చిటికెన వేలు విరిగింది. బంతి ముందు అవతలివాడి చేతికి తగిలి, పక్కకి తిరిగి వేలి మీద పడింది. ఎక్స్‌రేకి నేనే తీసుకెళ్ళాను. ఆ బిల్లు గుర్తుంది నాకు. నీకు చెప్పానన్నాడే?”

“చెప్పాడు.”

“మరి?”

“నేను చూశానన్నాను.”

“ఎక్కణ్ణించి చూశావు?”

గుర్తు తెచ్చుకున్నాను. బెంచీ చివర. చలి. నా ముందు స్కూలు బ్యాండు. సరిగ్గా నా ముందు...

“పెద్ద బూరవాడు” అన్నాను.

“బూరలోంచి చూశావా?”

“పక్కనుంచి. తల వంచి.”

 ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. నవ్వు బయటికి రాకుండా పెదవులు బిగబట్టింది. “నాలుగేళ్ళు నా మాకరోనీ తిన్నావు. ఒక్కరోజైనా అడిగావుటే?” అని మెషీన్ మళ్ళీ నొక్కింది.

చిప్స్. కానీ కిటికీ పక్క బల్ల నుంచి ఆవిడ ఒకసారి ఇటు చూసింది.

ఏప్రిల్ 19, శనివారం

పదకొండూ మళ్ళీ చూశాను. ఒక్కో బంతి, ఒక్కో బొమ్మ ఆపి. నాలుగు ముందు అవతలివాడి చేతికి తగిలాయి. ఏడు వాడివే. పొట్టతో పట్టడం కూడా నిజమే, అందులో మార్పు లేదు.

నేను లెక్క తప్పను అని మార్చి మూడున రాశాను. కొట్టివేయడం లేదు. ఉండనీ.

ఏప్రిల్ 22, మంగళవారం

కోశాను.

భోజనం మధ్యలో లేచి కట్టర్ తీశాను. బెంచీ ఎక్కాను. 

“మొదటి పేరు కోస్తున్నాను. కారణం: మైదానం పొట్టిది. నేను పరుగు కొలిచాను, నేల కొలవలేదు.”

గస్ చెంచా కింద పెట్టాడు. “ఎంత పొట్టి?”

“ఎనిమిది అడుగులు.”

“టేపు నీ నడుముకే కదా ఉంటుంది?”

“ఉంటుంది.”

ఆ నవ్వు వర్ణించను. ఒకడికి సూప్ ముక్కులోంచి వచ్చింది. ఆగేదాకా నిలబడ్డాను. “ఇంకా ఉంది” అన్నాను. కేడ్ పోతే కింది వాళ్ళు పైకి జరగాలి. టెక్సాస్ వాడు ఒకటికి. ఫ్లోరిడా వాడు రెండుకి. అవి రెండు కోతలు. మూడులో జవారిస్. కారణం: పదకొండు కాదు, ఏడు. నాలుగు తగిలినవి, నేను తగిలినవాటిని చూడను, చిన్నప్పటి నుంచీ అంతే. ఐదులో ఒరెగాన్ వాడు, ఎవడో ఒకడు ఉండాలి కదా. అయోవా వాడొక్కడే నాలుగులో కదలకుండా కూర్చున్నాడు.

నాలుగు చిల్లులు. ఇరవై రెండేళ్ళకి రెండు, నాకొక్కదానికే నాలుగు.

“ఇది బోర్డా, జున్ను ముక్కా?” అన్నాడు గస్.

“మూడా?” అని వెనక నుంచి మిస్ ఒడెస్సా గొంతు. “ఇంత కోసి, మూడేనా? చెయ్యి అలవాటు పడిందిగా, ఇంకో రెండు చిల్లులు పెడితే ఏం పోయింది?”

“పొట్టతో పడతాడు మిస్ ఒడెస్సా.”



“అది నా తప్పే” అంది ఆవిడ నిదానంగా. “చిన్నప్పుడు వీధిలో బంతి ఆడుతూ మూడు కిటికీలు పగలగొట్టాడు. బంతి జారితే ఇంటికి రావద్దన్నాను. అప్పణ్ణించీ హత్తుకుంటాడు.” నేల మీద పడిన ముక్కల్లోంచి “జవారిస్ టాలివర్, ఐదు” అన్న ముక్క ఏరి పర్సులో వేసుకుంది. “శనివారం ఇంటికి రా. చిప్స్ తెస్తే గుమ్మంలోంచే పంపేస్తాను.”

ఏప్రిల్ 24, గురువారం

డ్రాఫ్ట్ మొదటి రౌండు, జట్టుకొక్కడు. ఫ్లోరిడా వాణ్ణి ఏరుకున్నారు. నేను టెక్సాస్ వాణ్ణి ముందన్నాను. సరే.

ఏప్రిల్ 25

రెండో రౌండులో టెక్సాస్. మూడో రౌండు అయిపోయింది. జవారిస్ పేరు రాలేదు. అయోవా వాడి పేరూ రాలేదు. గస్ జవారిస్‌ని మొదట రాశాడు. ఇంకా ముగ్గురు అలాగే రాశారు.

జవారిస్ పేరు ఇవాళ వచ్చి ఉంటే నేనేం ఏడ్చేదాన్ని కాదు. నిజంగానే.

ఏప్రిల్ 26, శనివారం

మధ్యాహ్నానికి వెళ్ళాను. టాలివర్ల ఇంట్లో ముప్ఫై మంది, నలుగురికి సరిపడే ముందు గది. వేయించిన చేప, ఆకుకూర, మూడు పళ్ళేల మాకరోనీ. ఎవరూ తినడం లేదు. టీవీలో ఎవడి పేరో చదివినప్పుడల్లా మావయ్య ఒకాయన “వీడెవడు! వీడి కాళ్ళు చూడండి, కుర్చీ కోళ్ళు!” అని అరుస్తున్నాడు.

నేను లోపలికి రాగానే ఆయన నా వైపు వేలు చూపించాడు. “ఈ అమ్మాయే మూడన్నది. నోటిమాట తగిలింది.”

“హెర్బ్ పెళ్ళాం కూడా అంది” అన్నాను.

“ఆవిడ జుట్టు చూసి అంది. నువ్వు చూసి అన్నావు.”

జవారిస్ మెట్ల మీద కూర్చుని జట్టు పిలుపు కోసం ఫోను మోకాలి మీద పెట్టుకుని ఉన్నాడు. ఐదారేళ్ళ తర్వాత ఎదురుగా చూడటం. టీవీలో కంటే పెద్దగా ఉన్నాడు, భయంలో మాత్రం పదకొండో తరగతి వాడే.

“మూడన్నావట?”

“అవును.”

“నేనైతే నాలుగనుకున్నా” అన్నాడు. “అమ్మకి చెప్పకు.”

పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తెలియక ఏడు వదిలినవాటి గురించి ఒక్కొక్కటీ చెప్పాను. ఆరోది చెబుతుండగా ఫోను మోగింది. వాడు దాన్ని రెండు చేతులా పొట్టకి హత్తుకున్నాడు. “వేళ్ళతో!” అని అరిచాను, ఎందుకో.

నాలుగో రౌండు. ఐదుగురిలో మూడోవాడు. మావయ్య గంతేసి దీపం పగలగొట్టాడు. మిస్ ఒడెస్సా వాడి తల రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడింది. ఆ తర్వాత నా పళ్ళెంలో మాకరోనీ పడింది. ఒక గరిటె కాదు.

ఏప్రిల్ 28, సోమవారం

లెక్క తేలింది. హెర్బ్ వాళ్ళావిడ మొదటి స్థానం, ఐదుకి ఐదు. వరసగా మూడో ఏడు. జుట్టు చూసి! నేను రెండు. రేకుల కింద చోటు రాలేదు, మంచు గీక్కోవాలి. కుర్చీ మాత్రం నాదే.

చివర గస్. వాడి ఐదో పేరు బ్రెంట్ చెప్పినదట. ఆ మనిషి పోయినేడే డ్రాఫ్ట్ అయిపోయాడు.

ఏప్రిల్ 29, మంగళవారం

మధ్యాహ్నం జవారిస్ వచ్చాడు, జట్టు శిబిరానికి బయల్దేరే ముందు వాళ్ళమ్మ పనిచేసే చోట అందరికీ చెప్పి వెళ్దామని. గస్ పెట్టె తొడుక్కుని సూప్ తాగుతున్నాడు, చేతులు నోటిదాకా రావడం లేదు, బ్రెంట్ తాగిస్తున్నాడు.

సొరుగులోని కాగితం ఇవాళ జేబులో పెట్టుకుని వచ్చాను. బల్ల మీద పరిచాను. పసుపుపచ్చగా అయింది. జవారిస్ వంగి చూశాడు.

“ఇది ఇంకా ఉంచావా?” అన్నాడు. “చెరిపేస్తావా?”

“మా దగ్గర చెరపడం లేదు” అన్నాను. కట్టర్ తీసి, “వదిలాడు” గడిలో ఆ ఒక్క గీతని చుట్టూ కోసి తీశాను. అందరూ తింటున్నారు కాబట్టి కారణం కూడా గట్టిగా చెప్పాను. “బూర అడ్డం వచ్చింది.”

ఐదో చిల్లు.

వాడు ఏదో అనబోయాడు. నాకు అలాంటివి ఇష్టం ఉండదు. నడుము నుంచి టేపు తీసి, “ఇదిగో, అక్కడ కూడా నేల కొలుచుకో” అని విసిరాను. మెల్లగానే. నాలుగడుగుల దూరం.

రెండు చేతులూ ముందుకి చాచాడు, వేళ్ళు విప్పి, చెప్పినట్టే. టేపు వేళ్ళకి తగిలి, ఎగిరి, గస్ పెట్టె మీద పడి, సూప్‌లో మునిగింది.

“తగిలింది!” అని మిస్ ఒడెస్సా లేచింది. “ఫ్యాను గాలి తగిలింది! నేను చూశాను!”

జేబులోంచి పెన్సిలు తీశాను.

ఎనిమిది. ఈసారి మధ్యలో బూర లేదు.